ఏ ఏడాది బండి?

నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారు. ఎస్‌యూవీలు, ఛార్జింగు తీగలు తగిలించిన ఎలక్ట్రిక్ కార్ల మధ్య లేత ఆకుపచ్చ రంగు అంబాసిడర్ ఒకటి నిలబడి ఉంది. దాన్ని ఈమధ్యే కొన్నతను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చూడటానికి వచ్చినాయన అతని మేనమామ. కుర్రతనంలో విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పని నేర్చి, తర్వాత రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ మెషిన్ షాపులో చేరి, అక్కడే రిటైరయ్యారు. పాత కారు కొనాలన్న ముచ్చట ఐటీ జీతాల వెంట ఇటువైపు కూడా వస్తోంది కాబట్టి, వాళ్లిద్దరి వాదన పదిమందికి పనికొస్తుందని పేర్లు వదిలేసి ఇక్కడ పెడుతున్నాను.

మామయ్య: ఏ ఏడాది బండని చెప్పి అమ్మారురా నీకు?

అల్లుడు: 1961 మామయ్యా. మార్క్ వన్. ఆర్‌సీ పుస్తకంలోనూ అదే ఉంది. ముందు గ్రిల్ చూడండి. బానెట్ మీద గాడులు చూడండి. ఇవి తొలి బండ్లకే కదా వచ్చేవి.

మామయ్య: గ్రిల్ సాక్ష్యానికి పనికిరాదు. స్పానర్ పట్టడం వచ్చిన కుర్రాడు ఒక పూటలో మార్చేస్తాడు. బానెట్టూ అంతే, డిక్కీ తలుపూ అంతే. ముందు మడ్‌గార్డులు కూడా బోల్టుల మీద నిలబడ్డవే. తేలిగ్గా ఊడేవన్నీ చివర చూడాలి. ఊడదీయాలంటే బండినే కోయాల్సిన భాగాలుంటాయి చూడు, వాటితో మొదలుపెట్టాలి.

అల్లుడు: అంటే చాసిస్సా?

మామయ్య: దీనికి విడిగా చాసిస్ ఎక్కడుంది? లారీకీ జీపుకీ కింద ఫ్రేము ఉంటుంది, పైన బాడీ ఉంటుంది. అంబాసిడర్ అలా కాదు. అసలు బండి ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. నేల రేకు, స్తంభాలు, టాపు, ఇంజిన్‌కీ మనకీ మధ్య ఉన్న గోడ రేకు, అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకటే గూడు. ఆ గూడే దీనికి చాసిస్. బండి ఎవరో తెలుసుకోవాలంటే గూడునే అడగాలి.

అల్లుడు: గూడంతా ఒక్కలాగే ఉంటుంది కదా, 1961దైనా 2001దైనా?

మామయ్య: ఇబ్బందంతా అక్కడే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఉత్తరపారాలో 1957 నుంచి 2014 దాకా ఈ ఆకారాన్నే చేశారు. 1962-63 ప్రాంతంలో మార్క్ 2 వచ్చింది, సన్నగళ్ల గ్రిల్‌తో. 1975లో మార్క్ 3. 1979లో మార్క్ 4, దానికి చిన్న గ్రిల్, విడిగా నలుచదరపు దీపాలు. 1990ల మొదట్లో ఇసుజు ఇంజిన్‌తో 1800. మొహం మారింది, లోపల మరలు మారాయి, ఒంటి కొలతలు మాత్రం పెద్దగా మారలేదు. అందుకని 1985 తలుపు 1965 బండికి పడుతుంది. ప్రభుత్వాఫీసుల్లో కండెమ్ చేసిన తెల్ల అంబాసిడర్లు వేలానికి వచ్చేవి. వాటిని ముక్కలుగా విప్పి అమ్మేవాళ్లు. అద్దం, తలుపు, బంపరు, గేర్‌బాక్సు, దేనికదే ఇంకో బండిలోకి వెళ్లిపోయేది. అంత సులువుగా కలిసిపోయే బండి మన దేశంలో ఇంకోటి లేదు.

అల్లుడు: సరే, నా బండిని అడగండి.

మామయ్య: ముందు అయస్కాంతం తే. ఫ్రిజ్ మీద పెట్టుకునేదైనా సరే. చూడు, ఇక్కడ గట్టిగా పట్టింది. ఇక్కడికి వచ్చేసరికి జారుతోంది. లోపల రేకు లేదు, పుట్టీ ఉంది. అదీ ఎక్కడుందో చూశావా? ముందు రేకుమీద, దీపాల దగ్గర. ఇప్పుడు పడుకుని వెనక నుంచి టార్చి వెయ్యి. ఏం కనిపిస్తోంది?

అల్లుడు: గుండ్రంగా కాదు, నలుచదరంగా వెల్డింగ్ గీత ఉంది.

మామయ్య: అక్కడ ఒకప్పుడు నలుచదరపు దీపానికి రంధ్రం ఉండేది. మూసేశారు. అంటే ఈ ముందు రేకు మార్క్ 4 కాలానిది. 1979కి ముందుది కాదు. దానిమీద మార్క్ వన్ గ్రిల్ తొడిగారు. ఇక సెల్ఫ్ మోటారు మీద చీటీ చదువు.

అల్లుడు: లూకాస్ టీవీఎస్.

మామయ్య: ఆ కంపెనీ మద్రాసు పాడిలో పెట్టింది 1961లో. 1961లో బయటికొచ్చిన కారుకి అదే ఏడు పుట్టిన కంపెనీ సెల్ఫ్ మోటారు బిగించి ఉంటుందా? నాకు నమ్మకం లేదు. బ్యాటరీ చూడు, నెగటివ్ తీగ బాడీకి కట్టారు. ఆ కాలపు బ్రిటిష్ డిజైను బండ్లలో పాజిటివ్‌ని ఎర్త్ చేసేవారు. పైగా డైనమో ఉండాల్సిన చోట ఆల్టర్నేటరు ఉంది. కరెంటు సామానంతా తర్వాతదే. దీనికి నేను తప్పు పట్టను. డైనమోతో రాత్రి ట్రాఫిక్‌లో లైట్లు మసకబారితే ఎవరైనా ఆల్టర్నేటరే వేయిస్తారు.

అల్లుడు: తప్పు పట్టనప్పుడు ఎందుకు లెక్కపెడుతున్నారు మామయ్యా?

మామయ్య: లెక్కపెట్టడం తప్పుపట్టడం కాదు కదా. తివాచీ ఎత్తు.

ఆ తర్వాత జరిగింది వివరంగా చెప్పాలి. బండి ఏడాది తేల్చే పనిలో అసలు విద్య అంతా ఇక్కడే కనిపించింది నాకు. ముందు సీట్ల మధ్య, గేర్‌బాక్సు మీది గుబ్బ రేకులో అరచేతి పట్టంత అతుకు ఉంది. పాత అంబాసిడర్లకు గేరు స్టీరింగు పక్కనే ఉండేది, నాలుగు గేర్లు. ఇసుజు ఇంజిన్ 1800కి అయిదు గేర్లు, గేరు కర్ర నేలలోంచి లేచేది. ఈ బండికి ఇప్పుడు గేరు స్టీరింగు పక్కనే ఉంది. మరి నేలలో మూసిన రంధ్రం ఎందుకుంది?

అల్లుడు: అయిపోయింది. గూడు కూడా 1990ల నాటిదన్నమాట. నేను కొన్నది ఒక గ్రిల్‌నీ ఒక పుస్తకాన్నీ.

మామయ్య: తొందరపడకు. రెండు దారులున్నాయి. ఒకటి, 1990ల గూడు తెచ్చి, నేల రంధ్రం మూసి, పాత నంబరు తగిలించి ఉండొచ్చు. రెండు, పాత గూడులోకే ఎప్పుడో ఇసుజు ఇంజిన్ దించి, గేరు కర్ర కోసం నేల కోసి, తర్వాత మళ్లీ వెనక్కి మార్చి ఉండొచ్చు. కింద నుంచి ఆ రంధ్రం అంచు తడుము. ఫ్యాక్టరీలో డై కొట్టిన రంధ్రానికి అంచు నున్నగా, ఒకే ఒంపుతో మడిచి ఉంటుంది. షెడ్డులో గ్యాస్‌తో కోస్తే ఎగుడుదిగుడుగా, కాలి కరిగిన గుళ్లతో ఉంటుంది.

అల్లుడు: గరుగ్గా ఉంది. వేలికి గుచ్చుకుంటోంది.

మామయ్య: గ్యాస్ కోత. అయితే ఇది గేరు కర్ర లేని రోజుల గూడే. ఇంకో సాక్ష్యం కావాలి. ఆ రేడియేటరు పట్టీకి పదమూడు నంబరు స్పానర్ పెట్టు.

అల్లుడు: పట్టింది.

మామయ్య: పడుతుంది. అర అంగుళం బోల్టు తలకీ పదమూడుకీ తేడా 0.3 మిల్లీమీటర్లే. ఆ రెండూ మనిషిని మోసం చేస్తాయి. తల చూసి నమ్మకూడదు, బోల్టు విప్పి త్రెడ్డు చూడాలి. ఇదిగో పిచ్ గేజ్. పాత బ్రిటిష్ బీఎంసీ ఇంజిన్ కాలపు 5/16 బోల్టుకి అంగుళానికి 24 త్రెడ్లు. మిల్లీమీటర్ల లెక్కలో 8 నంబరు బోల్టుకి ఒక త్రెడ్డుకీ ఇంకోదానికీ మధ్య 1.25 మిల్లీమీటర్లు. ఇది 1.25 పళ్లలో కూర్చుంది. జపాను ఇంజిన్ దించినప్పుడు రేడియేటరు జరిపి ఈ బోల్టులు వేశారు. ఇంజిన్ వెనక్కి పోయింది గానీ బోల్టులు ఉండిపోయాయి. గ్యాస్ కోతా ఈ బోల్టులూ ఒకే కథ చెబుతున్నాయి.

అల్లుడు: ఇప్పుడున్న ఇంజిన్ బీఎంసీదే కదా! 1489 సీసీ, ఓవర్‌హెడ్ వాల్వ్. 1959లోనే పాత 1476 సైడ్ వాల్వ్ తీసేసి దీన్ని పెట్టారని చదివాను. 1961 బండికి ఇదే రావాలి.

మామయ్య: జాతి సరిపోయింది. నంబరు? ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరూ దిమ్మ మీద ఉన్న నంబరూ ఒకటి కావు, నువ్వే పెన్సిల్‌తో ట్రేసింగు తీసుకో. చాసిస్ నంబరు ప్లేటు మీది అంకెలు ఆర్‌సీతో సరిపోయాయి, కానీ ప్లేటుకు కొట్టినవి కొత్త పాప్ రివెట్లు. రంగు వేసినప్పుడు ఊడదీసి మళ్లీ కొట్టి ఉండొచ్చు. ఇంకోటి కూడా అయి ఉండొచ్చు. నాకు తేలినంత వరకు చెబుతాను, రాసుకో. గూడు పాతది, 1990లకు ముందుది, 1961దో కాదో ప్లేటు ఒక్కదాన్ని నమ్మి చెప్పలేను. ముందు రేకు 1979 తర్వాతది. గ్రిల్ ఈమధ్య తగిలించింది. ఇంజిన్ సరైన జాతిది, వేరే బండిది. కరెంటు సామాను రకరకాల ఏళ్లది. అమ్మినవాడు చెప్పిన ‘1961 మార్క్ వన్’ అన్న మాట మాత్రం నిజం కాదు.

ఇక్కడిదాకా మామయ్య మాట్లాడితే అల్లుడు విన్నాడు. ఇక్కణ్ణుంచి అసలు గొడవ మొదలైంది.

అల్లుడు: మిలింద రాజు బౌద్ధ భిక్షువు నాగసేనుడి దగ్గరికి వచ్చినప్పటి సంగతి మీకు తెలుసు. దేనిమీద వచ్చావు రాజా అంటే రథం మీద అన్నాడు. ఇరుసు రథమా? కాదు. చక్రాలు? కావు. కాడి? కాదు. ఏ ముక్కా రథం కానప్పుడు, అన్నీ కలిసి నడుస్తున్నదాన్ని రథం అంటున్నామని తేల్చారు. నా కారు కూడా అంతే. ఆరు దశాబ్దాలుగా ఒక నంబరు మీద, ఒక పుస్తకం మీద, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి నడుస్తూ వచ్చింది. ముక్కలు మారాయి. బండి ఆగలేదు.

మామయ్య: నాగసేనుడు పేరు గురించి చెప్పాడు. ఆ రథానికి ఫలానా ఏడాదిదని చీటీ కట్టి ఎక్కువ ధరకి అమ్మలేదు.

అల్లుడు: కోర్టు మాట చెప్పనా? బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’. 1929లోనూ 1930లోనూ లె మాన్స్ పందెం గెలిచిన కారు. తర్వాత దాని ఇంజిన్ మారింది, ఫ్రేము మారింది, బాడీ మారింది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో అందులోనే క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. ఆ తర్వాత దాన్ని మళ్లీ కట్టారు. కోటి పౌండ్లకు బేరం కుదిరాక, కొనేవాళ్లు ఇది అసలు బండి కాదని అడ్డం తిరిగారు. 1990లో లండన్ హైకోర్టు జడ్జి అదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పిచ్చాడు. చరిత్ర తెగకుండా వచ్చింది కాబట్టి ఆ పేరు దానిదేనన్నాడు.

మామయ్య: ఆ జడ్జే దాన్ని ‘ఒరిజినల్’ అనడానికి ఒప్పుకోలేదు, అది కూడా చెప్పు. పైగా ఆ బండికి ఏ నెల ఏ మార్పు జరిగిందో రాతలున్నాయి, ఫొటోలున్నాయి. వాటి మీద నిలబడి తీర్పిచ్చాడు. నీ బండిలో ఇసుజు ఎప్పుడు దిగింది? ఎవరు దించారు? ఎప్పుడు తీశారు? ఆర్‌సీలో ఒక్క ముక్కైనా ఉందా? చరిత్ర తెగలేదంటున్నావు. నడక తెగలేదు, చరిత్ర తెగింది.

అల్లుడు: ఎవరు రాస్తారు మామయ్యా! కారు కోసం ఏళ్లకేళ్లు వరసలో నిలబడిన రోజులు అవి. స్పేరు దొరికితే అదృష్టం. టాక్సీవాడు పగలు పోగొట్టుకుంటే పిల్లలకి అన్నం లేదు. ఏ బండిది దొరికితే ఆ బండిది వేసుకుని స్టేషనుకి పరిగెత్తాడు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం చేయించుకున్నారు, అది వచ్చేలోపే 1911లో పోయారు. ఊరేగింపులకు తప్ప బయటికి రాలేదు. మీ లెక్కన వాడకుండా దాచుకున్నవాడి కారుకే గౌరవం. జనాన్ని మోసిన బండికి లేదు.

మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఈ మాటలో బలముంది. మనవాళ్ల జీవితాల్లోంచి వెళ్లిన అంబాసిడర్లలో ఎక్కువ భాగం టాక్సీలూ ప్రభుత్వ బండ్లూ. పెళ్లికూతుర్ని తెచ్చిందీ, కాన్పుకి ఆస్పత్రికి తీసుకెళ్లిందీ అవే. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలన్న నియమం పెడితే ఈ దేశంలో పాత కార్ల చరిత్ర అంతా సంస్థానాల గ్యారేజీల్లోనే ముగిసిపోతుంది. నేను అల్లుడి పక్షానికి జరిగింది ఇక్కడే.

మామయ్య: అది ఒప్పుకుంటాను. జీపుల వాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. యుద్ధంలో విల్లీస్ వాళ్లు మూడున్నర లక్షలకు పైగా చేస్తే, అదే నమూనా ఫోర్డు వాళ్లు రెండు లక్షల ఎనభై వేల దాకా చేశారు. ఫోర్డు తన బోల్టుల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం కొట్టుకుంది. విల్లీస్ ఫ్రేముకి ముందు అడ్డకడ్డీ గొట్టం, ఫోర్డుకి తిరగేసిన తొట్టి ఆకారం. సైన్యం షెడ్లలో రెండింటినీ కలిపేసి నడిపారు. విల్లీస్ ఫ్రేము మీద ఫోర్డు మడ్‌గార్డు ఉంటే దాన్ని ఎవరూ దొంగబండి అనరు. యుద్ధం అలా నడిచింది అంటారు. కానీ ఒకటి అడుగుతాను చెప్పు. టాక్సీవాడి గౌరవం గురించి మాట్లాడుతున్నావు. ఆ టాక్సీవాడు వేసుకున్న మార్క్ 4 మొహాన్ని పీకేసింది ఎవరు?

అల్లుడు: నాకు అమ్మినవాళ్లు.

మామయ్య: ఎందుకు పీకారు?

అల్లుడు: మార్క్ వన్ లాగా కనబడాలని. ధర వస్తుందని.

మామయ్య: అవసరం కోసం జరిగిన మార్పులు వేరు, ఇది వేరు. ఆ మొహం ఉంటే, 1979 తర్వాత ఎప్పుడో దీనికి ముందు దెబ్బ తగిలిందనీ, అప్పుడు దొరికిన రేకు వేశారనీ తెలిసేది. ఆ కథని పుట్టీ కింద పాతిపెట్టారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది, ఫీవా. వాళ్లు 2012లో టురిన్‌లో ఒక ఒప్పందపత్రం రాసుకున్నారు. బండి వాడుకలో ఉన్నప్పుడు జరిగిన మార్పులు కూడా చరిత్రేనని, వాటిని చెరిపి ఫ్యాక్టరీ రూపానికి తేవాల్సిన పని లేదని అందులో ఉద్దేశం. కొత్తగా వేసిన భాగం కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలనీ, చేసిన పని రాసిపెట్టాలనీ కూడా ఉంది. నీ టాక్సీవాడి పక్షాన నిలబడింది వాళ్లే.

అల్లుడు: అయినా ఈ మొహమే నాకిష్టం. తీయను.

మామయ్య: తీయమని నేననలేదు. అబద్ధం చెప్పొద్దంటున్నాను. వింటేజ్ నంబరుకి అప్లై చేస్తానన్నావుగా, దాని సంగతేంటి?

అల్లుడు: చేస్తాను. టీజీ తర్వాత ‘వీఏ’ అని వచ్చే నంబరు. 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల చెల్లుబాటు.

మామయ్య: 2021 జులైలో కేంద్రం ఇచ్చిన ఆ నిబంధన మొత్తం చదువు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. అసలు రూపంలో ఉండాలి. చాసిస్‌లో గానీ, బాడీ గూడులో గానీ, ఇంజిన్‌లో గానీ మార్పులతో పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. నీ బండి నేల కోశారు, ఇంజిన్ వేరేది. ఏమని సంతకం పెడతావు?

అల్లుడు: ఆ నిబంధనే అన్యాయం. యాభై ఏళ్ల బండి ఇంజిన్ ముట్టుకోకుండా ఎలా ఉంటుంది?

మామయ్య: బోరు చేయించు, స్లీవులు వేయించు, పిస్టన్లు మార్చు. నా దృష్టిలో అది మరమ్మతు. ఇంజినే మార్చి, పుస్తకంలో ఎక్కించకపోవడం మరమ్మతు కాదు. మామూలు నంబరు మీద ఉన్న బండికైనా అంతే. తయారీదారు చెప్పిన రూపానికి విరుద్ధంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ముందు ఆర్‌టీఏకి వెళ్లి ఇంజిన్ నంబరు సంగతి తేల్చుకో. ‘వీఏ’ నంబరు వస్తే రోజూ గచ్చిబౌలి తీసుకెళ్లలేవు కూడా. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. నువ్వన్న ఆ జనం బండిని సెల్లారులో కట్టేసుకుంటావా?

అల్లుడు: అది ఆలోచించలేదు. కానీ మామయ్యా, ఇవన్నీ రాసిపెట్టి రేపు అమ్మబోతే దీని ధర సగానికి పడిపోతుంది. నేను పెట్టిన డబ్బు ఎవరిస్తారు?

మామయ్య: నీకు అబద్ధం అమ్మినవాణ్ణి అడుగు. ఆ అబద్ధాన్నే ఇంకోడికి అమ్మి డబ్బు రాబట్టుకుంటే వాడికీ నీకూ తేడా ఏముంది?

అల్లుడు: మీకు సులువే చెప్పడం.

మామయ్య: సులువు కాదు. ఆటోనగర్‌లో నంబరు ప్లేట్లు మార్చి కొట్టమని మా షెడ్డుకి వచ్చినవాళ్లని చూశాను. ఒక ప్లేటుకి నెల జీతమంత ఇస్తామనేవాళ్లు. కొందరు కొట్టారు. అలాంటి బండ్లు రోడ్డు మీద పడ్డాక ఏది ఏ ఏడాదిదో, ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేకపోయారు. ఈ దేశంలో చేసిన కార్ల గురించి మనకి నమ్మకంగా తెలిసింది తక్కువ. ఉన్న కాస్తనీ మనమే పాడుచేసుకోకూడదు.

వాదన అక్కడితో తెగలేదు. ధర గురించి ఇంకాసేపు నడిచింది, రాజీ కుదరలేదు. అల్లుడు గ్రిల్ ఉంచుకుంటానన్నాడు. మామయ్య ‘నీ బండి నీ ఇష్టం’ అన్నారు. నంబరుకి అప్లై చేసే విషయంలో అల్లుడు అవునూ అనలేదు, కాదూ అనలేదు.

నన్నడిగితే ఆ దరఖాస్తు పెట్టకూడదు. 1961 మార్క్ వన్ అని పిలవడం మానెయ్యాలి. ఆ కారుని మాత్రం నేను నిండు మనసుతో గౌరవిస్తాను. ఏయే ఏళ్ల ముక్కలతో నిలబడిందో ఆ ఏళ్లన్నిట్లోనూ అది పనిచేసింది. గ్యాస్ కోతతో సహా, 1.25 త్రెడ్డు బోల్టులతో సహా అన్నీ ఒక పుస్తకంలో ఎక్కితే, తేదీ తెలిసిన చోట తేదీ, తెలియని చోట ఖాళీ వదిలితే, అది నిజాయితీగల పాత బండి అవుతుంది.

అందుకు ఆ అల్లుడొక్కడు చాలడు. మీ నాన్నగారో తాతగారో నడిపిన అంబాసిడర్, ఫియట్, జీపు ఎప్పుడో అమ్మేసి ఉంటారు. దాని పాత ఆర్‌సీ జిరాక్సు, స్పేరు పార్టుల దుకాణం బిల్లు, మెకానిక్ రాసిచ్చిన చీటీ, బండి ముందు నిలబడి దిగిన ఫొటో బీరువాలో ఎక్కడో ఉంటాయి. వాటిని చిత్తుకాగితాలతో పాటు అమ్మేయకండి. నంబరు కనిపించే ఫొటో ఒక్కటి చాలు, ఏ ఏడాది ఆ బండికి ఏ మొహం ఉందో తేల్చడానికి. బండి ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలిస్తే ఆ కాగితాలు వాళ్లకి చేర్చండి. మీరే పాత బండి కొంటున్నవాళ్లయితే, అమ్మేవాణ్ణి గ్రిల్ గురించి అడిగేముందు కాగితాలు అడగండి. తివాచీ ఎత్తి నేల చూశాకే డబ్బు కట్టండి.